ఖాళీ కార్డు

రాజాం ఊరి చివర, గోగు చేలు మొదలయ్యే చోట ఉన్న ఆ హైస్కూల్లో జ్ఞానాంబ ఇరవై ఆరేళ్లుగా లైబ్రేరియన్. ఆమె తండ్రి విజయనగరంలో వయొలిన్ పాఠాలు చెప్పుకుని బతికిన మనిషి. పది మంది పిల్లలు ఒకేసారి వాయిస్తున్నా, ఎవరి శ్రుతి తప్పిందో తల ఎత్తకుండానే చెప్పేసేవాడు. ఆ చెవి కూతురికి రాలేదు. కానీ ఏ పిల్ల ఎందుకు లైబ్రరీ గుమ్మం ఎక్కిందో ఆవిడా తల ఎత్తకుండానే చెప్పగలిగేది, ఒకప్పుడు.

భోజనం గంట కొట్టాక లైబ్రరీకి వచ్చే పిల్లలు రెండు రకాలు. పుస్తకం కోసం వచ్చేవాళ్లు కొందరు. పక్కన కూర్చుని అన్నం తినే తోడు లేక వచ్చేవాళ్లు కొందరు. రెండో రకం పిల్లలు ఆ మాట చచ్చినా ఒప్పుకోరు. పుస్తకం వెనక అట్టకి అతికించిన చిన్న సంచిలో ఒక కార్డు ఉంటుంది కదా. పుస్తకం తీసుకున్న పిల్ల ఆ కార్డు మీద పేరు, తరగతి, తేదీ రాసి మేడమ్ బల్ల మీద పెట్టాలి. ఈ రెండో రకం పిల్లలు కార్డు తీసి, దాని మీద ఏమీ రాయకుండా ఖాళీగా పెట్టేవాళ్లు. ఇది ఎవరూ పెట్టిన నియమం కాదు. ఎప్పుడో ఒక పిల్ల అలా చేసింది, జ్ఞానాంబ ఏమీ అనలేదు, అది చూసి ఇంకో పిల్ల చేసింది. అలా ఇరవై ఏళ్లకు పైగా ఒకరి నుంచి ఒకరికి అందింది. ఖాళీ కార్డు అంటే, చదవడానికి రాలేదు, కాసేపు కూర్చోనివ్వండి అని.

జ్ఞానాంబ కారణం అడిగేది కాదు. కార్డుని పేపర్ వెయిట్ కింద పెట్టి, అట్లాసుల బీరువా వెనక ఉన్న బెంచీ వైపు కళ్లతో చూపించేది. తరువాత ఒక గిన్నెలో మైదా జిగురు, అట్టలు ఊడిన నాలుగు పుస్తకాలు తెచ్చి ఆ బెంచీ మీద పెట్టేది. "ఇవి కాస్త అతికించి పెట్టమ్మా, నాకు కళ్లు ఆనడం లేదు" అనేది. ఆ రోజుల్లో ఆమె కళ్లు బ్రహ్మాండంగా ఆనేవి. చేతులకి పని ఉంటే నోట్లో మాట దానంతట అదే ఊడుతుందని ఆమె నమ్మకం. కొందరికి వారంలో ఊడేది, కొందరికి నెలలో. కొందరు పదో తరగతి పాసై వెళ్లిపోయేదాకా ఏమీ చెప్పలేదు, అయినా రావడం మానలేదు.

శైలజ ఎనిమిదో తరగతిలో ఉండగా అలా వచ్చింది. వాళ్ల ఊరు బడికి మూడు కిలోమీటర్లు. తండ్రి చెన్నైలో సెంట్రింగ్ పనికి వెళ్లి రెండేళ్లయింది, ఫోను నెలకొకసారి వస్తే వచ్చినట్టు. తల్లి నారాయణమ్మకి ఎకరన్నర మెట్ట ఉంది, అందులో గోగు వేస్తుంది. దసరా వెళ్లాక గోగు కోసి, కట్టలు కట్టి చెరువులో ఊరబెడతారు. అది కుళ్లాక నడుం లోతు నీళ్లలో నిలబడి నార తీయాలి. ఆ నీళ్ల కంపు అనుభవించిన వాళ్లకే తెలుస్తుంది. సబ్బులు అరిగిపోతాయి గానీ ఆ వాసన మాత్రం పోదు. తెల్లవారుజామున తల్లితో పాటు నార తీసి, రెండుసార్లు ఒళ్లు రుద్దుకుని, జడలు బిగించి బడికి వచ్చేది శైలజ. ఆమెతో పాటు ఆ వాసనా వచ్చేది. పక్క పిల్ల రెండో రోజు బెంచీ మారింది. ఇంకో పిల్ల అన్నం ముందు కూర్చుని ముక్కు మూసుకుంది. తమకి తిండీ బట్టా పెట్టే పంట అదేనని ఆ పిల్లలకి ఎవరూ చెప్పలేదు, పెద్దవాళ్లకే జ్ఞాపకం లేదు.

అలా ఒక రోజు శైలజ భోజనం క్యారేజీ పట్టుకుని వచ్చి, ఒక లెక్కల పుస్తకం తీసి, ఖాళీ కార్డు బల్ల మీద పెట్టింది. ఆ ఏడాది గోగు సీజను అయ్యేలోపు నలభై రెండు పుస్తకాలకి అట్టలు అతికించింది. మొత్తం మీద ఆ పిల్ల నోటి నుంచి వచ్చిన సొంత మాట ఒక్కటే. "ఈ జిగురు వాసన బాగుంటాది మేడమ్." జ్ఞానాంబకి అది చాలు. ఆ రాత్రి అన్నం తింటుంటే ఆ మాట గుర్తొచ్చి ఆమె కళ్లు నిండాయి కూడా.

మరుసటి వేసవిలో బడి కరస్పాండెంట్ మురళీమోహన్ విశాఖపట్నంలో ఏదో సదస్సుకి వెళ్లి వచ్చాడు. ఆయన చెడ్డవాడు కాదు, ఆ మాట ఇక్కడే చెప్పేయాలి. పిల్లల మనసు బాగుండాలని నిజంగానే అనుకున్నాడు. "పుస్తకాలు ఫోన్లో ఎన్నయినా దొరుకుతాయి మేడమ్. పిల్లలకి ఇప్పుడు కావలసింది మనశ్శాంతి" అన్నాడు. మనశ్శాంతి కోసం చోటు కావాలి, బడిలో పెద్ద గది లైబ్రరీ ఒక్కటే. జూన్ లో బడి తెరిచేసరికి గోడలకి లేత నీలం రంగు, ఒక గోడ నిండా పెద్ద తెర, మూడు ట్యాబులు, నేల మీద పన్నెండు మెత్తటి సంచి కుర్చీలు వచ్చాయి. గుమ్మం మీద 'ఆనంద వేదిక' అని బోర్డు పెట్టారు. మూడు వేల పైచిలుకు పుస్తకాలు ధాన్యం గోనెల్లో కూరుకుని సైకిల్ స్టాండు పక్క గదిలోకి పోయాయి, వానకి కారే గదిలోకి. అట్లాసుల బీరువా ఆఫీసుకి తరలింది. దాని వెనక బెంచీ ఎటు పోయిందో ఎవరికీ తెలియదు. జ్ఞానాంబకి మెడలో కొత్త బ్యాడ్జీ పడింది. దాని మీద 'వెల్‌బీయింగ్ కోఆర్డినేటర్' అని ఉంది.

ఆమె కూడా మొదట మంచికే అనుకుంది. మనిషికి చెప్పుకోలేనిది పిల్లలు యంత్రానికి చెప్పుకుంటారేమో, చూద్దాం అనుకుంది. ట్యాబులో అయిదు ముఖాలు ఉంటాయి. పెద్ద నవ్వు, చిన్న నవ్వు, మామూలు, దిగులు, ఏడుపు. పొద్దున్న బడికి రాగానే ప్రతి పిల్లా తన పేరు మీద ఒక ముఖం నొక్కాలి. తొమ్మిదిన్నరకి ఆ లెక్క తెర మీదకి ఎక్కుతుంది. హాజరు కూడా దానితోనే కలిపేశారు. ముఖం నొక్కిన పిల్ల బడికి వచ్చినట్టే.

పిల్లలు రెండు వందల ఎనభై మంది, ట్యాబులు మూడు. సిగ్నలు ఉంటే సర్వరు ఉండదు, సర్వరు ఉంటే కరెంటు ఉండదు. అందరూ నొక్కని తరగతి ఎర్రగా కనిపిస్తుంది. ఎర్ర తరగతి పేరు టీచర్ల వాట్సాప్ గ్రూపులో పెడతారు. పది రోజులు జ్ఞానాంబ పిల్లల వెంట పడి మరీ నొక్కించింది. పదకొండో రోజున ఆమెకి ఒక దారి కనిపించింది. కోఆర్డినేటర్ పాస్‌వర్డుతో, నొక్కని వాళ్లందరినీ ఒకేసారి ఎంచుకుని, వాళ్ల బదులు తానే నొక్కవచ్చు. దిగులు ముఖం నొక్కితే పద్నాలుగు ప్రశ్నల ఫారం తెరుచుకుంటుంది. ఏడుపు ముఖం అయితే తల్లిదండ్రులకి ఫోను, పై వాళ్లకి రిపోర్టు. నవ్వు ముఖానికి ఏమీ లేదు, ఒక్క నొక్కుడుతో సరి. అందరూ చేసే పనే అది. వండకముందే మధ్యాహ్న భోజనం ఫొటో యాప్‌లో ఎక్కించే రోజులివి. రానివాళ్ల చీటీ తరగతి టీచరు పంపితే ఆ పేర్లు తీసేసి, మిగిలిన వాళ్లందరినీ నవ్వించేసేది జ్ఞానాంబ. తప్పు చేస్తున్నానన్న ఊహ కూడా ఆమెకి తట్టలేదు.

కార్తీకంలో జిల్లా నుంచి ఒక బృందం ఆనంద వేదికని చూడ్డానికి వస్తోందని తెలిసింది. మురళీమోహన్ కాలు నిలవలేదు. రెండు వారాల ముందే రిహార్సల్ పెట్టించాడు. తొమ్మిదో తరగతి పిల్లలు పన్నెండు మంది సంచి కుర్చీల్లో గుండ్రంగా కూర్చుని తమ మనసులో మాట చెప్పాలి. శైలజ కూడా ఆ పన్నెండు మందిలో ఉంది. మళ్లీ గోగు నార తీసే రోజులు. ఆ పిల్ల కూర్చోగానే పక్క పిల్ల లేచి, "మేడమ్, కుర్చీకి కంపు పట్టేస్తుంది" అంది. మరో ఇద్దరు నవ్వారు. మురళీమోహన్ గుమ్మంలో నిలబడి, ఆ కుర్చీల కొత్త తెల్ల గుడ్డల వంక ఆందోళనగా చూశాడు.

జ్ఞానాంబ గొంతు ఎంతో మెత్తగా పలికింది. "శైలజా, నువ్వు కింద కూర్చోమ్మా. కింద అయితే చల్లగా ఉంటుంది."

శైలజ లేచి కింద కూర్చుంది. తన వంతు వచ్చినప్పుడు, "నాను బాగానే ఉన్నాను" అంది. ఆ తరువాత రిహార్సల్ కి రాలేదు, వేరే పిల్లని పెట్టుకున్నారు. జ్ఞానాంబ ఆ సాయంత్రం కొంచెం బాధపడింది. రేపు పిలిచి మాట్లాడదాం అనుకుంది. రేపటికి బ్యానర్ల పని వచ్చింది, ఎల్లుండికి దండల పని. పొద్దున్నే ట్యాబులో నొక్కని పేర్లు పాతికో ముప్పయ్యో కనిపించేవి. వాటిలో శైలజ పేరు రోజూ ఉండేది. జ్ఞానాంబ వేలు రోజూ అందరితో పాటు ఆ పిల్లనీ నవ్వించింది. పదకొండు రోజులు.

పన్నెండో రోజు, అంటే బృందం వచ్చే ముందు రోజు, బడిలో పాఠాలు లేవు. పిల్లలంతా గ్రౌండులో, మెట్ల మీద, తోరణాల దగ్గర చెల్లాచెదురుగా ఉన్నారు. తొమ్మిదో తరగతి టీచరు త్రినాథ్ షామియానా పనిలో పడి రానివాళ్ల చీటీ పంపలేదు. జ్ఞానాంబ ఒక్క నిమిషం ఆలోచించి, తొమ్మిదీ ఇరవై రెండుకి మొత్తం తరగతిని నవ్వించేసింది.

సాయంత్రం అయిదు దాటాక నారాయణమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. చీర కుచ్చిళ్లు తడిగానే ఉన్నాయి, చెరువులోంచి అలాగే లేచి వచ్చినట్టుంది. వెనకే ఆమె తమ్ముడు దేవేంద్ర బండి ఆపాడు.

"బాబూ, మా శైలజ గుంట ఇంటికి రానేదు. ఊర్లో గుంటలందరూ వొచ్చీసినారు. ఇదొక్కర్తే రానేదు."

మురళీమోహన్ ఆమెని కూర్చోబెట్టి మంచినీళ్లు ఇప్పించాడు. తెర వెలిగించి శైలజ పేరు వెతికాడు. "ఇదిగో చూడమ్మా. పొద్దున్న తొమ్మిదీ ఇరవై రెండుకి మీ అమ్మాయి బడికి వచ్చింది. సంతోషంగా ఉంది. చూడు, నవ్వు ముఖం. నిన్నా నవ్వే, మొన్నా నవ్వే. ఇక్కడ ఏ ఇబ్బందీ లేదు. బడి వదిలాక ఇక్కడే ఎక్కడో ఉంటుంది."

"నువ్వు చూశావా త్రినాథ్?" అని మురళీమోహన్ అడిగితే త్రినాథ్ తల గోక్కున్నాడు. "వచ్చినట్టే గుర్తు సార్. వెనకాల బెంచీ కదా." దేవేంద్ర ఊళ్లో ఇద్దరు పిల్లలకి ఫోను చేశాడు. "మేం దాని పక్కన కూకోం, సూడనేదు" అన్నారు. నలభై మంది పిల్లల్లో ఆ పిల్ల వచ్చిందో రాలేదో చెప్పగలిగిన వాళ్లు ఒక్కరూ లేరు. చెప్పింది ఆ తెర ఒక్కటే. అందుకే అందరూ తెరని నమ్మారు.

జ్ఞానాంబ గుమ్మం పక్కన నిలబడి ఉంది. వచ్చే ఉంటుంది, ఎవరూ చూడలేదంతే, అని తనకి తాను చెప్పుకుంది. ఇప్పుడు నోరు తెరిస్తే మురళీమోహన్ ముఖం ఎలా మారుతుందో, రేపటి బృందం ముందు తన పరువు ఏమవుతుందో కళ్ల ముందు కనబడింది. ఆమె అంత పిరికిది అని ఆమెకే అప్పటిదాకా తెలియదు.

బడి చుట్టుపక్కలే వెతికారు. గదులు, మేడ, మరుగుదొడ్లు, గోనెలున్న గది. చివరికి బడి వెనక పాత బావి దగ్గరికి వచ్చారు. దాని మీద కప్పిన వల ఒక పక్క చిరిగి ఉంది. అది చూసి నారాయణమ్మ అక్కడే కూలబడింది. తాడుకి ఇనప కొక్కేలు కట్టి దేవేంద్ర బావిలోకి వదిలాడు. ఒకసారి ఖాళీగా వచ్చింది. రెండోసారీ ఖాళీగానే వచ్చింది. మూడోసారి కొక్కేనికి ఏదో తగిలింది. బరువుగా ఉంది. నారాయణమ్మ "ఓలమ్మో" అని నేల మీద తల కొట్టుకుంది. పైకి వచ్చింది ఒక పాత ఇనప బకెట్.

అప్పుడు జ్ఞానాంబ పెద్దగా ఏడ్చేసింది. "ఆపండి. ఆ పిల్ల ఇవాళ బడికి వచ్చిందో లేదో నాకే తెలియదు. ఆ నవ్వు నొక్కింది నేను. రోజూ నేనే నొక్కుతున్నాను."

నారాయణమ్మకి అర్థం కాలేదు. ఏడుపు ఆపి, పైకి చూసింది. "దాని ముకం మీరు నొక్కడమేటమ్మా? అది నవ్వుతాందని మీకెవలు సెప్పినారు?"

అప్పటికి టైము ఆరూ పదిహేను. దేవేంద్ర బండి బస్టాండుకి పరుగెత్తింది. పొద్దున్న చీపురుపల్లి బస్సులో యూనిఫాం పిల్ల ఒకర్తె ఎక్కిందని అక్కడ కిళ్లీ కొట్టు మనిషి చెప్పాడు. చీపురుపల్లిలో రైలు స్టేషను ఉంది. రైల్వే వాళ్లకి కబురు వెళ్లేసరికి దీపాలు పెట్టే వేళ దాటింది.

శైలజ అయిదో రోజున ఒడిశాలోని బ్రహ్మపుర స్టేషన్లో దొరికింది. చెన్నైలో నాన్న దగ్గరికి వెళదామని బయల్దేరి, ఎదురు దిక్కు రైలు ఎక్కింది. ఆ అయిదు రోజులూ ఎక్కడ ఉంది, ఏం తింది, ఎవరు కనబడ్డారు, ఎవరికీ చెప్పలేదు. తల్లి అడగడం మానేసింది. ఒక్క సంగతి మాత్రం రైల్వే పోలీసుల ద్వారా తెలిసింది. మొదటి రోజు ఆ పిల్ల తప్పు రైలు అని తెలుసుకుని శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో దిగిపోయింది. ఒళ్లో క్యారేజీ పెట్టుకుని, ప్లాట్‌ఫారం బెంచీ మీద పొద్దంతా కూర్చుంది. సాయంత్రం ఆరూ అయిదుకి లేచి మరో రైలు ఎక్కింది. అదీ తప్పు రైలే.

ఆరూ అయిదు. జ్ఞానాంబ నోరు తెరిచింది ఆరూ పదిహేనుకి. నారాయణమ్మ బడి మెట్లెక్కింది అయిదూ అయిదుకి. ఈ మూడు అంకెలూ అప్పటి నుంచి జ్ఞానాంబ అన్నంలోకీ నిద్రలోకీ వచ్చి కూర్చుంటున్నాయి.

బృందం మాత్రం పిల్ల తప్పిపోయిన మర్నాడు అనుకున్నట్టే వచ్చి, సంతోషించి వెళ్లింది. మురళీమోహన్ ఆమెని పల్లెత్తు మాట అనలేదు. "మనిషన్నాక పొరపాటు మేడమ్. ఎవరూ దీన్ని పెద్దది చేయొద్దు" అన్నాడు. ఆ రోజు లెక్క మార్చడానికి ట్యాబులో వీలు లేదు. ఆ తేదీ నొక్కి చూస్తే శైలజ ఇప్పటికీ తొమ్మిదీ ఇరవై రెండుకి నవ్వుతూనే ఉంటుంది.

మూడు వారాలు ఓర్చుకుని, ఒక ఆదివారం జ్ఞానాంబ వాళ్ల ఊరు వెళ్లింది. శైలజ బడికి రావడం లేదు, నారాయణమ్మ పంపనంది. చెరువు గట్టు మీద గోగు కట్టలు పరిచి ఉన్నాయి. పిల్ల మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి, పుల్ల నుంచి నార లాగుతోంది. నారాయణమ్మ దూరం నుంచి చూసింది గానీ రమ్మనలేదు, పొమ్మనలేదు. జ్ఞానాంబ చెప్పులు విడిచి, ఆ బురద గట్టు మీదే కూలబడింది. కంపు గుప్పున కొట్టింది. ఆమె చీర చెంగు ముక్కు దాకా తీసుకెళ్లలేదు.

"నన్ను తిట్టమ్మా" అంది. "నిన్ను కింద కూర్చోమన్నాను. నాకు నోరెలా వచ్చిందో."

శైలజ నార లాగుతూనే ఉంది. తల ఎత్తకుండానే అడిగింది. "మేడమ్ గారూ, నాను రాని దినం కూడా నవ్వు ముకమే నొక్కినారంట. నిజవేనా?"

"నిజమే తల్లీ."

"అంతకు ముందరివీ?"

"అవీ నేనే. నువ్వు నొక్కడం మర్చిపోయావనుకున్నాను."

పిల్ల చేతిలో పుల్ల ఆగింది. మొదటిసారి తల ఎత్తి ఆమె వంక చూసింది. ఆ కళ్లలో కోపం లేదు, ఉంటే బాగుండేది.

"మరిసిపోనేదు మేడమ్. కావాలనే కాలీగా ఒగ్గీసినాను. మీకు కార్డు ఇచ్చినట్టే అనుకున్నాను. పదకొండు దినాలు ఇచ్చినాను."

జ్ఞానాంబ చేతులు ఒళ్లో పడి ఉన్నాయి. శైలజ మళ్లీ వంగి, ఇంకో పుల్ల తీసుకుని, నార లాగడం మొదలుపెట్టింది.